పాత మాంగాకు కొత్త ప్రాణం: పోసిందెవరు, తీసిందెవరు?

2022 నవంబరులో జపాన్‌లో ఒక సినిమా విడుదల కాకముందే అభిమానుల చేత చీవాట్లు తింది. పేరు 'ది ఫస్ట్ స్లామ్ డంక్', బాస్కెట్‌బాల్ కథ. చేసిన నేరమల్లా పాత్రల గొంతులు మార్చడం. 1993 నుంచి 1996 దాకా టీవీలో వచ్చిన 'స్లామ్ డంక్'ను ఆ పాత గొంతులతోనే గుర్తుపెట్టుకున్న తరం ముందస్తు టికెట్లు కొనేసింది. కొత్త నటుల పేర్లు ఆ తర్వాత బయటికొచ్చాయి. ముందే చెప్పి ఉంటే కొనేవాళ్లమే కాదని గోల లేచింది. డిసెంబరు 3న సినిమా వచ్చింది. ఒక్క జపాన్‌లోనే 1,500 కోట్ల యెన్‌లకు పైగా వసూలు చేసి, జపాన్ అకాడమీ ఉత్తమ యానిమేషన్ బహుమతి కూడా తెచ్చుకుంది. గోల సద్దుమణిగింది.

నాలాంటి పాత పాఠకులు ఈ ఉదంతం నుంచి నేర్చుకోవలసింది ఉంది. ఇష్టమైన మాంగాను, అంటే జపాన్ బొమ్మల కథను, కొత్తగా యానిమేగా (జపాన్ యానిమేషన్‌గా) తీస్తున్నారని వినగానే మేం ముందు చేతికి తీసుకునేది కొలబద్ద. బొమ్మ అలాగే ఉందా, గొంతు అదేనా, కథలో ఏమైనా వదిలేశారా? గత పదేళ్లలో వచ్చిన పునర్నిర్మాణాలను వరసబెట్టి చూస్తే ఈ కొలబద్ద చాలాచోట్ల అక్కరకు రాలేదు. గీత గీతకూ కట్టుబడినవి కొన్ని చతికిలపడ్డాయి. కథను తిరగరాసినవి కొన్ని మూలానికి ఎంతో దగ్గరగా వచ్చాయి. తేడా ఎక్కడుందని వెతికితే నాకు దొరికిన జవాబు ఒక్కటే, వ్యవధి. మాంగా చదివేటప్పుడు కాలం పాఠకుడి చేతిలో ఉంటుంది. ఒక బొమ్మ దగ్గర నిమిషం ఆగవచ్చు, పది పేజీలు చకచకా తిప్పేయవచ్చు. తెరమీద ఆ పెత్తనం దర్శకుడిది. పాఠకుడు ఎక్కడ ఆగాడో, ఎందుకు ఆగాడో తెలిసిన దర్శకుడు గెలిచాడు. అది తెలియనివాడు, తెలిసినా ఆగడానికి సమయం చిక్కనివాడు ఓడిపోయాడు.

బాకీ తీర్చే పని

అసలు మళ్లీ తీయడం ఎందుకు? మొదటి కారణం పాత బాకీ. 1963 జనవరి 1న ఒసాము తెజుకా 'ఆస్ట్రో బాయ్' టీవీలోకి వచ్చినప్పటి నుంచి వారానికో ఎపిసోడ్ అనే పద్ధతి స్థిరపడింది. డబ్బు తక్కువ, గీసే బొమ్మలు తక్కువ, గడువు మాత్రం తప్పదు. మరోపక్క మాంగా కూడా పత్రికలో నడుస్తూనే ఉండేది. యానిమే పరుగెత్తి మాంగాను అందుకుంటే చెప్పడానికి కథ మిగలదు. అందుకని ఉన్నదాన్ని సాగదీసేవారు, లేనిదాన్ని అతికించేవారు. 'డ్రాగన్ బాల్ జెడ్' 291 ఎపిసోడ్లలో ఎదురెదురుగా నిలబడి కేకలు పెట్టుకునే నిమిషాలు చాలామటుకు ఆ అవసరం కొద్దీ పుట్టినవే. 2009లో 'డ్రాగన్ బాల్ కాయ్' పేరుతో ఆ సాగతీతను కత్తిరించి మళ్లీ ప్రసారం చేశారు. హిరోము అరకవా 'ఫుల్‌మెటల్ ఆల్కెమిస్ట్' 2003లో తెరకెక్కేనాటికి మాంగా ఇంకా నడుస్తూనే ఉంది. 51 ఎపిసోడ్ల ఆ యానిమే మధ్యలోనే తన దారి తాను చూసుకుంది. 2009లో మొదలైన 'బ్రదర్‌హుడ్' 64 ఎపిసోడ్లలో మాంగా వెంట చివరి దాకా నడిచింది. 'స్లామ్ డంక్' టీవీ రూపమైతే 101 ఎపిసోడ్లు నడిచి, మాంగాకు ఆయువుపట్టయిన సన్నో హైస్కూలు మ్యాచ్ రాకుండానే ఆగిపోయింది. అభిమానికి అది పాతికేళ్ల బాకీ.

రెండో కారణం వ్యాపారం. యానిమేను ఒకే సంస్థ తన డబ్బుతో తీయడం ఇప్పుడు అరుదు. పుస్తక ప్రచురణకర్త, టీవీ చానల్, సంగీత సంస్థ, బొమ్మలు అమ్మేవాళ్లు కలిసి నిర్మాణ కమిటీగా ఏర్పడి పెట్టుబడి పంచుకుంటారు. దానికి నెట్‌ఫ్లిక్స్ లాంటి వేదికల సొమ్ము తోడైంది. పదిమంది డబ్బు పెట్టినచోట కొత్త కథ కన్నా తెలిసిన పేరుకే మొగ్గు. పండగలు మంచి సందర్భాలు. 'ఉరుసెయ్ యాత్సురా' కొత్త రూపం షోగాకుకన్ ప్రచురణ సంస్థ నూరేళ్ల వేడుక కోసం వచ్చింది. 'డెవిల్‌మ్యాన్ క్రైబేబీ' గో నాగై మాంగా జీవితానికి యాభై ఏళ్లు నిండిన సందర్భంగా, 'బనానా ఫిష్' అకిమి యోషిదా నలభై ఏళ్ల సందర్భంగా తయారయ్యాయి. చిన్నప్పుడు ఆ పుస్తకాలు చదివినవాళ్లే ఇవాళ తీసేవాళ్లు, చందా కట్టి చూసేవాళ్లు కూడా.

గొంతు తగాదా

అభిమాని మొదటి ఫిర్యాదు గొంతు గురించే. దీన్ని చాదస్తమని కొట్టిపారేయలేం. కమల్‌హాసన్ తెలుగులో మాట్లాడితే ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గొంతు వినిపించాలని కోరుకున్న ప్రేక్షకులం మనం. ఆ గొంతు లేని సినిమాలో కమల్ కాస్త పరాయివాడిగానే తోచేవాడు. జపాన్‌లో గొంతు నటులకు తారలకున్నంత పేరుంది. చిక్కేమిటంటే, బొమ్మకు వయసు రాదు, గొంతుకు వస్తుంది.

రుమికో తకాహషి మాంగాలు రెండింటిలో ఈ చిక్కును రెండు విధాలుగా విప్పారు. 1978లో మొదలైన 'ఉరుసెయ్ యాత్సురా' మళ్లీ 2022 నుంచి 2024 వరకు 46 ఎపిసోడ్లుగా వచ్చింది. ఇందులో కథానాయిక లమ్‌కు ఫుమి హిరానో బదులు సుమిరే ఉయెసాకా గొంతిచ్చింది. పాత సిరీస్‌లో కుర్ర అతారుగా పలికిన తోషియో ఫురుకావాకు కొత్తదాంట్లో అతారు తండ్రి వేషం దక్కింది. పాతవాళ్లకు పీట వేస్తూనే ఇల్లు కొత్తవాళ్లకు అప్పగించారన్నమాట. 2024లో 'రన్మా ½'ను మళ్లీ తీసిన మప్పా స్టూడియో మాత్రం పాత గొంతులనే పిలిపించింది. 1989లో పలికిన కప్పెయ్ యమగుచి, మెగుమి హయషిబరా, నొరికో హిదకా ముప్పై అయిదేళ్ల తర్వాత మళ్లీ పదహారేళ్ల పిల్లల మాటలు పలికారు. రన్మా, అతని ప్రత్యర్థి ర్యోగా కొట్టుకుంటుంటే మధ్యలో కథానాయిక అకానే జుట్టు తెగిపోయే ఘట్టం ఉంది. అప్పటిదాకా అల్లరిగా సాగిన కథ అక్కడ ఒక్కసారిగా ఆగుతుంది. ఆ పిల్ల కోపాన్నీ, కోపం మాటున దాచుకున్న దిగులునీ అకానేగా హిదకా పలికిన తీరు వింటే వయసు లెక్కలు గుర్తుకు రావు.

రెండూ చూసేందుకు హాయిగా ఉన్నాయి. అయినా 'ఉరుసెయ్ యాత్సురా' పాత అభిమానులను పూర్తిగా తృప్తిపరచలేదు. కారణం గొంతులు కావు. 1981లో మొదలైన పాత సిరీస్‌కు 1984 దాకా మమోరు ఒషీ ప్రధాన దర్శకుడు. తకాహషి హాస్యంలోకి ఆయన తన కలలనూ, వింత ఆలోచనలనూ చొప్పించాడు. 1984 నాటి 'బ్యూటిఫుల్ డ్రీమర్' సినిమాను ఇవాళ్టికీ ఒషీ సినిమాగానే చెప్పుకుంటారు. కొత్త సిరీస్ మాంగాకు దగ్గరగా నడిచింది. 'అసలు' పోయిందని బాధపడినవాళ్లకు నిజానికి దూరమైంది మాంగా కాదు, ఒషీ. మనం దేనికి అభిమానులమో తేల్చుకోకుండా తీర్పు చెప్పడానికి కూర్చుంటే వచ్చే తంటా ఇది.

కథను మన రోజుల్లోకి తెస్తే

పాత కథను నేటి కాలంలో పెట్టాలా, అప్పటి కాలంలోనే ఉంచాలా? ఉదాహరణగా 2018లో వచ్చిన రెండింటిని చూడవచ్చు.

గో నాగై 'డెవిల్‌మ్యాన్' 1972-73లో వచ్చింది. అదే సమయంలో టీవీలో నడిచిన యానిమేలో పిల్లలకు నచ్చే వీరుడిగా డెవిల్‌మ్యాన్‌ను మలిచారు. మాంగా మాత్రం లోకం మొత్తం బూడిదయ్యే ముగింపుకు వెళ్లింది. మసాకి యుఅసా 'డెవిల్‌మ్యాన్ క్రైబేబీ'లో పది ఎపిసోడ్లలోనే ఆ ముగింపు దాకా వెళ్లాడు. పాత మాంగాలోని రౌడీ కుర్రాళ్లు ఇక్కడ ర్యాప్ పాడే కుర్రాళ్లయ్యారు. అందరి చేతుల్లోనూ ఫోన్లున్నాయి. ఇదంతా పైపై అలంకారమేనని మొదట్లో అనిపిస్తుంది. పక్కనున్నవాడు రాక్షసుడేమోనన్న భయం పుట్టి ఊరు మూకగా మారే దగ్గర ఆ ఫోన్ల పని అర్థమవుతుంది. డెవిల్‌మ్యాన్‌గా మారిన అకిరాను నమ్మమని అతని స్నేహితురాలు మికి ఆన్‌లైన్‌లో ప్రాధేయపడుతుంది. ఏ తెర మీద ఆమె మనుషుల మంచితనాన్ని నమ్ముకుందో ఆ తెర మీదుగానే ద్వేషం కూడా పాకుతుంది. నాగై మాంగాలో రాక్షసుల కన్నా భయపెట్టింది మనుషులు. యుఅసా ఆ మాట ఒక్కటీ వదలకుండా చుట్టూ ఉన్నవాటిని మార్చాడు. గీత ఏమాత్రం నాగై గీతలా లేకపోయినా అది నాగై కథే.

'బనానా ఫిష్' పరిస్థితి వేరు. 1985 నుంచి 1994 దాకా వచ్చిన ఆ మాంగాకు వేరు వియత్నాం యుద్ధంలో ఉంది. సైనికులపై ప్రయోగించిన ఒక మత్తుమందు చుట్టూ కథ తిరుగుతుంది. కొత్త యానిమేలో వియత్నాం స్థానంలో ఇరాక్ వచ్చింది, న్యూయార్క్ వీధుల్లోకి స్మార్ట్‌ఫోన్లు వచ్చాయి. యుద్ధం పేరు మార్చడం తేలికే. ఆ ముఠాలూ, ఆ వీధులూ, దిక్కులేని పిల్లల ఆ బతుకూ మాత్రం ఎనభైల న్యూయార్క్‌వి. అవి మారలేదు. పైగా 19 సంపుటాలు 24 ఎపిసోడ్లలో ఇమడాలి. కాల్పులు, కిడ్నాపులు ఒకదాని వెంట ఒకటి తరుముకొస్తుంటే, కథానాయకులు ఆష్, ఎయిజీ ఊరికే మాట్లాడుకుంటూ కూర్చునే ఘడియలు కుదించుకుపోయాయి. మాంగాను నెత్తిన పెట్టుకున్నవాళ్లు ప్రేమించింది ఆ ఘడియలనే. హిరోకో ఉత్సుమి దర్శకత్వంలో లోపం వెతకలేం, నటన గొప్పది, కన్నీళ్లు తెప్పిస్తుంది. ఊపిరి పీల్చుకునే వ్యవధే లేదు.

ఆగడం తెలిసినవాళ్లు

ఈ సమీక్షలో నేను పై వరసలో నిలబెట్టేవి మూడు.

మొదటిది 'ది ఫస్ట్ స్లామ్ డంక్'. మాంగా రాసి గీసిన తకెహికో ఇనోవే స్వయంగా స్క్రిప్టు రాసి దర్శకత్వం వహించాడు. 31 సంపుటాల కథను కుదించే పని పెట్టుకోలేదు. ఒక్క మ్యాచ్ తీసుకున్నాడు. మాంగాలో అయిదుగురు ఆటగాళ్లలో తక్కువ చెప్పిన ర్యోతా మియాగి గతాన్ని, ఒకినావాలో అతను పోగొట్టుకున్న అన్నను, ఆ మ్యాచ్ మధ్యలో అల్లాడు. ఎర్రజుట్టు కథానాయకుడు సకురాగి కోసం వచ్చినవాళ్లకు ఇది మింగుడుపడని మార్పే. కానీ ఆఖరి క్షణాలు చూడండి. మాంగాలో ఆ పేజీల్లో మాటలుండవు. పాఠకుడు ఊపిరి బిగబట్టి పేజీలు తిప్పుతాడు. సినిమాలో అక్కడికొచ్చేసరికి జనం కేకలు, బంతి చప్పుడు, బూట్ల కీచు అన్నీ ఆగిపోతాయి. నిండు హాలులో నిశ్శబ్దం. పాత టీవీ పద్ధతిలోనైతే అక్కడ ఆటగాడి మనసులోని మాటలూ, గ్యాలరీలో స్నేహితుల వ్యాఖ్యానమూ, వాటికింద నేపథ్య సంగీతమూ పోటీపడేవి. పేజీని తెరమీదికి తేవడమంటే ఏమిటో ఆ కొద్ది క్షణాల్లో తెలుస్తుంది.

రెండోది 'ప్లూటో'. తెజుకా 1964-65లో రాసిన ఒక ఆస్ట్రో బాయ్ కథను నావోకి ఉరసావా 2003 నుంచి 2009 వరకు పెద్దల కోసం ఎనిమిది సంపుటాల నేరపరిశోధన కథగా మార్చాడు. అప్పుడు ఇరాక్ యుద్ధం జరుగుతోంది. దాని నీడ ప్రతి సంపుటం మీదా ఉంది. అందువల్ల 2023లో వచ్చిన యానిమే పునర్నిర్మాణానికి పునర్నిర్మాణం. నిర్మాత మసావో మరుయామా యానిమేలో అర్ధశతాబ్దం పనిచేసినవాడు, మ్యాడ్‌హౌస్, మప్పా స్టూడియోలు నెలకొల్పినవాడు. ఆయన బృందం తీసుకున్న నిర్ణయం ఒక్కటే: సంపుటానికో ఎపిసోడ్, ఎపిసోడ్ సుమారు గంట.

ఆ గంట విలువ మొదటి ఎపిసోడ్‌లోనే తెలుస్తుంది. యుద్ధంలో లెక్కలేనన్ని రోబోలను కూల్చిన నార్త్ నంబర్ టూ, స్కాట్లాండ్‌లో చూపులేని ఒక ముసలి సంగీతకారుడి ఇంట్లో పనికి కుదురుతుంది. ఇక యుద్ధానికి వెళ్లలేక పియానో నేర్చుకోవాలనుకుంటుంది. యంత్రానికి సంగీతం రాదని ముసలాయన కసురుతాడు. ఆ కసురులోంచి మెల్లగా చనువు పుడుతుంది. మాంగాలో ఆ బాణీ మనకు వినపడదు, ఎవరికి వారు ఊహించుకోవాలి. యానిమేకు ఆ వెసులుబాటు లేదు, వినిపించి తీరాలి. యూగో కన్నో కూర్చిన బాణీ ఆ బరువు మోసింది. రోబో ఆకాశంలోకి ఎగిరిపోయాక కింద మిగిలిన ముసలాయనకు ధ్వని తప్ప ఏమీ తెలియదు. మనకు కూడా కనిపించేదాని కన్నా వినిపించేదే ఎక్కువ. ఇరవై నిమిషాల ఎపిసోడ్‌లో అయితే ఈ ఘట్టం ఒక పోరాటానికి ముందుమాటగా తేలిపోయేది.

మూడోది 2019 నాటి 'దొరోరో'. తెజుకా 1967లో మొదలుపెట్టి సరైన ముగింపు ఇవ్వకుండా వదిలేసిన మాంగా ఇది. కజుహిరో ఫురుహషి దర్శకత్వంలో 24 ఎపిసోడ్లుగా వచ్చింది. అధికారం కోసం తండ్రి రాక్షసులతో ఒప్పందం చేసుకుంటే, పసిబిడ్డ హ్యక్కిమారు అవయవాలు పోగొట్టుకుంటాడు. ఒక్కో రాక్షసుణ్ని చంపి ఒక్కో అవయవం తిరిగి తెచ్చుకుంటాడు. మాంగాలో 48 మంది రాక్షసులు, కొత్త యానిమేలో 12 మంది. మాంగాలో హ్యక్కిమారు మనసుతోనే మాట్లాడగలడు. యానిమేలో అతనికి చూపు లేదు, వినికిడి లేదు, మాట లేదు. అంకెలు చూసి తెజుకా భక్తులు మండిపడ్డారు. నాకు మాత్రం ఈ మార్పు నచ్చింది. అతనికి చెవులు తిరిగి వచ్చాక సంతోషిస్తాడనుకుంటాం. లోకం చప్పుడంతా ఒక్కసారి మీదపడేసరికి తట్టుకోలేక అల్లాడిపోతాడు. ఒక అవయవం తిరిగి రావడం వరం ఎంతో బాధ కూడా అంతేనని చెప్పడానికి ఆ మౌనం అంతసేపు అవసరమైంది. ఆ ఒప్పందం వల్ల తండ్రి రాజ్యం పచ్చగా ఉందన్న చిక్కుముడి కూడా యానిమే బిగించింది: ఒక్క బిడ్డను బలిపెడితే ఊరంతా బాగుంటుందంటే ఏం చేస్తారు? తెజుకా మాంగాలో విత్తనంగా ఉన్నది ఇక్కడ మొక్కయింది. చివరి భాగంలో బొమ్మ నాణ్యత అక్కడక్కడా జారిన మాట నిజమే.

గీత దక్కింది, భయం దక్కలేదు

ఓడిపోయినవాటిలో నన్ను ఎక్కువగా బాధపెట్టింది జుంజి ఇతో 'ఉజుమాకి'. సుడి ఆకారం ఒక ఊరినంతా పిచ్చెక్కించే ఈ 1998-99 నాటి మాంగాను నలుపు తెలుపుల్లో, ఇతో సన్నని గీతలు చెదరకుండా తీస్తామని 2019లో ప్రకటించారు. వాయిదాల మీద వాయిదాలు పడి 2024 సెప్టెంబరులో వచ్చింది. హిరోషి నగహామా దర్శకత్వం వహించిన మొదటి ఎపిసోడ్ చూసి, పుస్తకం లేచి నడుస్తోందన్నారు. రెండో ఎపిసోడ్ నుంచే కదలిక, గీత రెండూ దిగజారాయి. చాలామంది అక్కడితో ఆగి, డబ్బు చాలలేదని తేల్చేశారు. అసలు గోతి మొదటి ఎపిసోడ్‌లోనే ఉంది. మూడు సంపుటాల మాంగాకు నాలుగు ఎపిసోడ్లే ఇచ్చారు. మాంగాలో ఒక్కో అధ్యాయం ఒక్కో భయం. అది ముగిశాక పాఠకుడు ఊపిరి పీల్చుకుని మరో దానిలో అడుగుపెడతాడు. పేజీ తిప్పడానికి జంకే ఆ క్షణమే ఇతో ఆయుధం. యానిమేలో నాలుగైదు అధ్యాయాలు ఒకేసారి నడిచాయి. బొమ్మ అచ్చు గుద్దినట్టున్నా జంకే వ్యవధి లేకపోయింది.

'బెర్సెర్క్' మీద అభిమానుల కోపం ఇంకా చల్లారలేదు. కెంతారో మియురా సిరాతో చెక్కిన బొమ్మలను 2016లో త్రీడీ బొమ్మలుగా మారిస్తే చూసినవాళ్లు తలలు పట్టుకున్నారు. 1997 నాటి 25 ఎపిసోడ్ల సిరీస్‌కు కూడా వనరులు అంతంత మాత్రమే. అయినా అది కదలలేని చోట నిశ్చల చిత్రం పెట్టి, సుసుము హిరసావా సంగీతాన్ని కింద పరిచి, మాంగాలోని భావాన్ని పలికించింది. లేమిని కూడా వాడుకోవడం తెలియాలి. మియురా 2021 మేలో కన్నుమూశాడు. తన మాంగాకు తగిన పునర్నిర్మాణం చూడకుండానే వెళ్లిపోయాడన్నది అభిమానుల బాధ.

రియోకో ఇకెదా 'రోజ్ ఆఫ్ వెర్సాయ్' (1972-73) విషయంలో నా తీర్పు మధ్యస్థం. 1979-80లో 40 ఎపిసోడ్లుగా వచ్చిన పాత యానిమేను మధ్యలో చేతికి తీసుకున్న ఒసాము దెజాకి, దానికి విషాద గాంభీర్యం తెచ్చాడు. 2025లో ఆయ్ యోషిమురా తీసిన సినిమా నిడివి 113 నిమిషాలు. మారీ ఆంత్వానెత్ ఫ్రాన్స్‌కు రావడం నుంచి విప్లవం దాకా ఆ నిడివిలో ఇమడాలంటే ఏళ్లకు ఏళ్లు పాటల్లో దాటించాలి. దాటించారు. ఆస్కార్, ఆంద్రేల ప్రేమ దక్కింది. ఆకలితో ఉన్న పారిస్ దక్కలేదు. రాణి గారి కాపలాదారు ఆస్కార్ ప్రజల పక్షాన ఎందుకు నిలబడిందో నమ్మించడానికి ఆ పారిస్ కావాలి.

తెలుగు ప్రేక్షకుడి చేతిలో

మన దగ్గర ఈ లెక్క తలకిందులుగా ఉంటుంది. జపాన్ అభిమాని ముందు మాంగా చదివి, తర్వాత పాత యానిమే చూసి, చివరికి కొత్తది చూస్తాడు. మన కుర్రకారుకు కొత్తదే మొదటిది. క్రంచీరోల్‌లో తెలుగు డబ్బింగులు వస్తున్నాయి. 2025 సెప్టెంబరులో 'డీమన్ స్లేయర్: ఇన్ఫినిటీ క్యాజిల్' మన థియేటర్లలో తెలుగులో కూడా ఆడింది. 'రన్మా'ను ఇప్పుడే పరిచయం చేసుకునే విజయవాడ పిల్లకు 1989 నాటి గొంతుతో పేచీ లేదు. ఇది అదృష్టం కూడా, ఎందుకంటే పాత జ్ఞాపకం అడ్డురాని తీర్పు ఆమెది. నష్టమూ ఉంది. 'ఉజుమాకి' నాలుగు ఎపిసోడ్లు చూసి ఇతో అంటే ఇంతేనా అనుకుంటే, పోయేది ఆమెకే.

ఇక ముందున్న పెద్ద పరీక్ష 'వన్ పీస్'. 1997 నుంచి నడుస్తున్న మాంగా, 1999 నుంచి వెయ్యి ఎపిసోడ్లు దాటిన యానిమే, రెండూ ఇంకా పూర్తికాలేదు. అయినా మొదటి నుంచి మళ్లీ తీస్తామని 2023 డిసెంబరులో విట్ స్టూడియో పేరుతో ప్రకటన వెలువడింది. అది వచ్చిన రోజున ఏ బొమ్మ మారింది, ఏ గొంతు మారింది అని మేం మళ్లీ లెక్కలు తీస్తాం, అలవాటు అలాంటిది. దానికన్నా ముందు అడగవలసిన ప్రశ్న వేరే ఉంది: ఎన్ని సంపుటాలను ఎన్ని ఎపిసోడ్లలో చెబుతున్నారు? ఆ ఒక్క లెక్క తెలిస్తే సగం ఫలితం ముందే చెప్పవచ్చు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నా సలహా: ముందు 'ప్లూటో' చూడండి, తర్వాత 'దొరోరో'. 'ఉజుమాకి' పుస్తకమే చదవండి. ఏది చూసినా, నచ్చినా నచ్చకపోయినా, తీర్పు చెప్పేముందు మూల మాంగా మొదటి సంపుటమైనా తెరవండి.